నీడ మళ్లీ పడేదాకా

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల ప్రాంతం అది. మా ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రాన్ని ఆనుకున్న ఊళ్లలో ఒకటి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది మా మండలంలోనే, పల్లిసారథి దగ్గర. ఆ తర్వాత ఇల్లు ఎలా లేపుకున్నారు, తోట మళ్లీ ఎలా పెట్టారు అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కువగా మాలాగే ఊరు వదిలి హైదరాబాదులోనో, విశాఖలోనో, భువనేశ్వర్‌లోనో బతుకుతున్న ఉద్దానం పిల్లలే. ఉంచుకోవాలా, అమ్మేసుకోవాలా అన్నది వాళ్ల అసలు ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

తాత కట్టిన పెంకుటిల్లు మాది. ముందు పంచ, లోపల రెండు గదులు, వెనక వంటసాల. మట్టి గోడలకి సున్నం, పైన గూన పెంకులు. ఎవరైనా ఇల్లు చూపించమంటే మా నాన్న గదులు చూపించడు, తోటలోకి తీసుకుపోతాడు. కొబ్బరి చెట్ల మధ్య పనసలు, వాటి నీడన అరటి, కంద. కొబ్బరి దాటితే జీడి. జీడి దాటితే సరుగుడు, మొగలి పొదలు, ఇసుక, నీళ్లు. రెండో కోనసీమ అని పేపర్లవాళ్లు రాస్తుంటారు గాని కోనసీమకున్న కాలవలు మాకెక్కడివి! ఇసుక నేల, వాన నీరు, బావి. అంతే మా ఆస్తి. అయినా మే నెల మిట్టమధ్యాహ్నం కూడా పంచలో ఫ్యాను లేకుండా నిద్ర పట్టేది. ఆకుల సందుల్లోంచి అరుగు మీద పడే ఎండ ఎక్కడిదాకా జరిగిందో చూసి మా నాయనమ్మ టైము చెప్పేది. జీడిపిక్కలు కాల్చి చేతులు నల్లగా చేసుకున్నా, పనస జిగురు జుట్టుకి అంటించుకుని తన్నులు తిన్నా, తాబేళ్లు గుడ్లు పెట్టి పోయిన జాడలు వెతుక్కుంటూ తెల్లారకముందే ఒడ్డుకి పరిగెత్తినా, అన్నీ ఆ తోట దారిలోనే. సముద్రం రాత్రంతా వినిపించేది. పంచలోంచి మాత్రం కనిపించేది కాదు. అన్ని చెట్లు అడ్డం.

అక్టోబర్ అంటే మా వాళ్లకి గుబులే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబర్ 12నే. ఒకటి పైన గోపాల్‌పూర్ దగ్గర దాటింది, రెండోది కింద విశాఖ మీద పడింది. ఫైలిన్‌కి మా తోటలో కొన్ని చెట్లు పోయాయి, పెంకులు లేచాయి, సర్దుకున్నాం. తిత్లీ పక్కకి తప్పుకోలేదు. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్యలో అంతకన్నా పెద్ద విసురు. అమ్మా నాన్నా ఆ రాత్రి ఊళ్లో డాబా ఉన్న చిన్నాన్న ఇంట్లో తలదాచుకున్నారు. చీకట్లో చెట్లు విరగడం తుపాకీ పేల్చినట్టు వినబడిందని, నాన్న మొదట్లో ఒక్కొక్కటే లెక్కపెట్టి తర్వాత మానేశాడని అమ్మ చెప్పింది.

నేను హైదరాబాదులో ఉన్నాను. ఫోన్లు కలవలేదు, రైళ్లు ఆగిపోయాయి. అన్నయ్య గాజువాక నుంచి, నేను హైదరాబాదు నుంచి ఎలాగోలా పలాస చేరి, అక్కణ్ణుంచి కొంత దూరం ఎవరిదో బండి మీద, మిగతాది నడక. దారి పొడవునా కరెంటు స్తంభాలు, వాటి మీద మానులు, మానుల మీద తీగలు. మా ఊరికి తిరిగే మలుపు నేను పోల్చుకోలేకపోయాను. మాకు గుర్తులన్నీ చెట్లే మరి. ఇద్దరన్నదమ్ముల్లా కలిసిన జంట కొబ్బరి దగ్గర ఎడమకి, పెద్ద పనస దాటాక కుడికి. ఆ పనసే లేదు.

ఇంటి వెనక గది మీద మాను అడ్డంగా పడి గోడ కూలింది. వంటసాల లేదు. ముందు పంచ పెంకులన్నీ పోయి వాసాలు మిగిలాయి. అమ్మ బయట మూడు ఇటుకలు పెట్టి గంజి కాస్తోంది. కరెంటు లేక ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు ఆగిపోయింది. అసలే కిడ్నీ జబ్బుల ఊళ్లు మావి, బావి నీళ్లంటే అందరికీ అనుమానం. ట్యాంకరు వచ్చేదాకా ఊరంతా బొండాం నీళ్లే తాగింది. ఏడాదంతా అమ్ముకోవలసిన కాయ కాలికింద దొర్లుతుంటే కొట్టుకుని తాగడం. రంపాలు పట్టుకుని దారి తెరిచింది ఊళ్లో కుర్రాళ్లు. ఆ దారిన ముందు పంపింది వరసకి పెదనాన్న అయ్యే ఆయన్ని. డయాలసిస్ రోజు దాటిపోయింది ఆయనకి.

ఆ సాయంత్రం పంచ అరుగు మీద కూచున్నాను. ఎదురుగా సముద్రం, మొత్తం, అడ్డం లేకుండా. అలాంటి చోటు కోసం జనం డబ్బు పోసి రిసార్టులకి పోతారు. అమ్మ మాత్రం దానికి వీపు పెట్టి కూచుంది. "దాన్ని సూడ్డానికి ఒడ్డుకెల్తాం గాని, అది మనింట్లోకి సూడ్డమేటి" అంది.

లెక్క రాయడానికి మనుషులు వచ్చారు. ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎవరికైనా పనికొచ్చేది ఈ ముక్కే. ఇంటికి ఒక లెక్క, తోటకి ఒక లెక్క, వేరువేరు ఫారాలు, వేరువేరు మనుషులు. తోట లెక్కకి పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం కావాలి. మాకు పాసుపుస్తకం తాత పేరునే ఉంది. ఉద్దానంలో సగం ఇళ్ల కథ ఇదే. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుంటారు, గట్టు మీద ఒక రాయి పాతుకుంటారు, కాగితం జోలికి పోరు. నాన్న, చిన్నాన్న, పెళ్లై వెళ్లిపోయిన ఇద్దరత్తలు అందరూ సంతకం పెడితే గాని వారసుల కాగితం అవలేదు. పెద్దత్త ఒడిశాలో ఉంటుంది. సంతకానికొచ్చి, తోట చూసి, అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు.

కొబ్బరి చెట్టుకి పరిహారం 1,500 అన్నారు. తర్వాతి ఏడాది ప్రభుత్వం మారాక 3,000 అన్నారు. ఉద్దానం నాటు కొబ్బరి అరవై, డెబ్బై ఏళ్లు కాస్తుంది. దాని విలువ ఎవరు మాత్రం కట్టగలరు, ఏదో ఒక అంకె వెయ్యాలి, వేశారు. నాకు కోపం తెప్పించింది అది కాదు. పడిపోయిన వాటినే రాసుకున్నారు. నిలబడి ఉండి మొవ్వ (తలన లేతాకు పుట్టే చోటు) విరిగిన చెట్లని "ఇది బాగానే ఉంది కదండీ" అని దాటేశాడు లెక్కకొచ్చిన కుర్రాడు. కొబ్బరికి ప్రాణం మొవ్వలో ఉంటుంది. అది విరిగితే పాత మట్టలు కొన్ని నెలలు పచ్చగానే ఉంటాయి, తర్వాత ఒక్కొక్కటే వాలిపోయి మోడు మిగులుతుంది. నాన్న ఆ కుర్రాణ్ణి చెట్టు చెట్టు దగ్గరికీ తీసుకెళ్లి, మెడ పైకెత్తించి, మొవ్వ చూపించి, కొన్నిటిని ఒప్పించాడు. మిగతావి సంక్రాంతి దాటాక ఎండిపోయాయి. అప్పటికి పుస్తకం మూసేశారు. మీ తోటకి ఇలాంటి గతి పడితే (పడకూడదు గాని) మొవ్వ విరిగిన చెట్లకి మొదటి రోజే నంబరు రాసి ఫొటో తీసి పెట్టుకోండి.

పడ్డ చెట్లని తీయడం ఇంకో యుద్ధం. జీడి మానుని వంటచెరకుకి, ఇటుక బట్టీలకి కొనుక్కుపోయారు, వాళ్లు చెప్పిన రేటుకే. కొబ్బరి మొద్దుని ఊరకే ఇస్తామన్నా ముట్టుకునేవాడు లేడు. రంపం మిషనువాడికి, జేసీబీవాడికి ఇచ్చుకున్నది పరిహారంలో పెద్ద ముక్కే మింగేసింది. చాలామంది విసిగిపోయి మొద్దుల్ని గట్ల మీదే వదిలేశారు. పాపం వాళ్లని అనడానికీ లేదు. కాని కుళ్లిన కొబ్బరి మొద్దే కొమ్ము పురుగుకి పుట్టిల్లు. లోపల తెల్లటి లావు పురుగులు చుట్టుకుని పడుకుంటాయి. రెక్కలొచ్చాక పోయి లేత మొక్కల మొవ్వ తొలుస్తాయి. ఆ సంగతి రెండేళ్ల తర్వాత ఊరందరికీ అర్థమైంది.

మొద్దులన్నీ వృథా పోలేదు. తాత నాటిన ముదురు చెట్ల కింది భాగం ఇనుములా ఉంటుంది, పైకి పోయేకొద్దీ మెత్తన. మా ఊరి వడ్రంగి, నేను మావా అని పిలుస్తాను, ఒక్కో మొద్దునీ గొడ్డలి వెనకవైపుతో కొట్టి, చప్పుడు విని, పనికొచ్చేవి ఏరాడు. కోయించి, ఎండబెట్టి, నల్లనూనె పట్టించి వాసాలు చేశాడు. ఇప్పుడు మా పంచ మీదున్నవి అవే. కిందనుంచి చూస్తే గోధుమ రంగు మీద నల్లటి గీతలు, ముట్టుకుంటే పీచు గరుకు.

ఆ పైకప్పు దగ్గరే ఇంట్లో పెద్ద గొడవ. అన్నయ్య మొత్తం పడగొట్టి స్లాబు వేద్దామన్నాడు. ఇంకోసారి గాలొస్తే మీరెక్కడికి పోతారు అన్నాడు, అందులో తప్పేముంది? అమ్మ డాబా ఇల్లంటే ఉడికిపోతామంది. నిజానికి చెట్లు పోయాక పెంకుటిల్లు కూడా ఉడికిపోతూనే ఉంది, గుండు కొట్టించిన తలలా ఎండకి మాడుతూ. వదిన మధ్యలో పడి తేల్చింది. కూలిన వెనక గది చోట ఒక్క గది మాత్రం పిల్లర్లు లేపి స్లాబు వేద్దాం, తుఫాను వస్తే నలుగురం, గేదె దూడ, బియ్యం డబ్బా అందులో పడతాయి. ముందు పంచ, నడిమి గది పెంకులే ఉండనీ అని. గూన పెంకులు చేసేవాళ్లు దొరకలేదు. ఊళ్లో ఇళ్లు పడగొట్టి డాబాలు కట్టుకునేవాళ్ల దగ్గర పాతవి ఏరుకొచ్చాం. పెంకుల మీద అడ్డంగా నిలువుగా సిమెంటు గచ్చు వరసలు పోయించాం, గాలి కింద దూరి లేపకుండా. స్లాబు గదిని ఇప్పటికీ ఇంట్లో తుఫాను గది అంటాం. మామూలు రోజుల్లో అందులో కొబ్బరికాయలు పోస్తారు, అన్నయ్య వస్తే పడుకుంటాడు.

ఇల్లు 2019 ఎండాకాలానికి లేచింది. నేను గృహప్రవేశానికొచ్చి రెండ్రోజులుండి వెళ్లిపోయాను. ఉండబుద్ధి కాలేదు. గోడలు అవే, పంచ అదే, అరుగు అదే. చెప్పులు లేకుండా గుమ్మం దిగలేం. మధ్యాహ్నం పక్షి కూత లేదు. ఇల్లు వచ్చింది గాని మా ఇల్లు రాలేదనిపించింది. అది నాన్నతో అంటే, "తోట పెట్టందే ఇల్లెలాగవుతాది" అన్నాడు, నేనేదో తెలియని సంగతి అడిగినట్టు.

ఏ మొక్క పెట్టాలన్నది రెండో గొడవ. పొట్టి రకాలైతే మూడు నాలుగేళ్లకే కాపు, సంకర రకాలు ఇంకో ఏడాది అటూ ఇటూ. మన నాటు పొడవు రకం ఆరేడేళ్లు ఆగాలి. నాన్నకి అప్పటికే అరవై దాటాయి. పొట్టివి పెట్టు, కాయ తింటావు అని అందరూ అన్నారు. నాన్న లెక్క వేరు. పొట్టి చెట్టు నీడ ఇంటి మీద పడదు. బొండాలకి బాగుంటుంది, నీళ్లూ ఎరువూ అడుగుతుంది. ఈ ఇసుకలో వాన మీద బతికేది నాటుదే. చివరికి బావి చుట్టూ కొన్ని పొట్టివి, మిగతా అంతా నాటు. కొన్ని మొక్కలు ఉద్యానశాఖ ఇచ్చింది, మిగతావి బతికి ఉన్న చెట్లలో మంచిదాని కాయలు నారు పోసుకున్నాం. మొక్కని ఎంచడం నాన్న నాకు నేర్పాడు. తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసు, ఆరాకులకి తక్కువ ఉండకూడదు, మొదలు లావుగా ఉండాలి, ఆకు తొందరగా చీలితే అది చురుకైన మొక్క. సన్నగా పొడుగ్గా పెరిగింది చూడ్డానికి బాగుంటుంది, తీసుకోకూడదు.

పాతికడుగుల ఎడం, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి. అడుగున కొబ్బరి డొక్కలు, లోపలి బోలు పైకి ఉండేలా పరుస్తారు, నీళ్లు పట్టి ఉంచుతాయని. దాని మీద పశువుల గత్తం, పైమట్టి, గుప్పెడు వేపపిండి. ఇసుకలో గొయ్యి తీయడం సులువనుకుంటారు. తీస్తుంటే అంచులు జారి పూడిపోతూనే ఉంటాయి. 2019 వానలకి నాటాం.

మొక్క బతికేదీ చచ్చేదీ తేలేది తర్వాతొచ్చే ఎండాకాలంలో. ఆ ఎండాకాలం లాక్‌డౌను వచ్చింది. ఆఫీసు పని ఇంటి నుంచే అన్నారు. నేను దొరికిన మొదటి బండికి ఊరొచ్చి పడ్డాను. తుఫాను గదిలో ల్యాప్‌టాప్, సిగ్నల్ కోసం కిటికీ పక్కన. తెల్లవారి నాలుగున్నరకి లేచి నాన్న, నేను మొక్కమొక్కకీ బిందెతో నీళ్లు. ఇసుక తాగేసిన చప్పుడు కూడా వినబడుతుంది. పడమటి ఎండ తగలకుండా ఒక్కోదానికీ కొబ్బరి మట్ట గుచ్చాం. నా చిన్నప్పుడు ఆ తోట నాకు ఊరకే వచ్చింది, ఎవరు నాటారో, ఎవరు నీళ్లు పోశారో ఆలోచించలేదు. అప్పటిదాకా తాతని కథల్లో విన్నానంతే. బిందె నడుం మీద పెట్టుకున్నాక ఆయన పని ఏమిటో తెలిసింది.

నీడ లేకపోవడంలో లాభం కూడా ఉందండోయ్. మొక్కల మధ్య ఖాళీలో అమ్మ వేరుశనగ వేసింది, మునగ పెట్టింది. పెరట్లో చేతికందే వేరుశనగ మా ఇంట్లో అదే మొదలు. తోట మూసుకుపోయేకొద్దీ అవి పోతాయని ఇప్పుడామె బాధ.

తర్వాత కొమ్ము పురుగు వచ్చింది. ఆకు విప్పుకుంటే కత్తెరతో కోసినట్టు వి ఆకారంలో కోతలుంటాయి, అదే గుర్తు. కొస వంచిన ఇనుప ఊచ కన్నంలోకి పోనిచ్చి పురుగుని బయటికి లాగాలి. చేతికి తగిలితే గిలగిల కొట్టుకుంటుంది, నల్లగా నిగనిగలాడుతూ ముక్కు మీద కొమ్ముతో. మట్టల సందుల్లో మూడేసి కలరా ఉండలు పెట్టి ఇసుక కప్పాం. కొన్నాళ్లు తోటంతా బీరువా వాసన. దాని వెనకే తెల్లదోమ. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, పైన మసి. మందు కొట్టేద్దామని అన్నయ్య తొందరపడ్డాడు. మందు కొడితే దోమని తినే మిత్రపురుగులే ముందు చస్తాయి, నీళ్లు జోరుగా కొట్టి వేపనూనె వాడమన్నారు తెలిసినవాళ్లు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు దీనికి ఐసేరియా అనే శిలీంధ్రం తయారుచేస్తున్నారు, దాన్నీ తెప్పించి కొట్టాం. పూర్తిగా పోలేదు. చెట్టు తట్టుకుంది.

2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి కాస్త ఎగువన దాటింది. తిత్లీ ముందు అది చిన్నదే. అయినా అమ్మా నాన్నా మొదటిసారి తుఫాను గదిలో పడుకున్నారు. పెంకు ఒక్కటి కదల్లేదు. మొక్కలు మనిషెత్తు కూడా లేవు కనక గాలి వాటి మీదనుంచి పోయింది.

ఈ మధ్యలో అమ్మమని అడిగినవాళ్లకి తక్కువ లేదు. 2023లో మా జిల్లాలోనే మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయ్యాక ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. సముద్రం కనిపించే స్థలం అని వాళ్లు పదేపదే అంటుంటే నాన్నకి నవ్వొచ్చేది. "అది కనిపించకుండా సెయ్యడానికే కదా బావూ నేను పడతన్నాను" అన్నాడొకాయనతో. అవతలాయనకి అర్థమై ఉండదు. అమ్ముకున్నవాళ్లని నేను తప్పు పట్టను. పిల్ల పెళ్లికి, డయాలసిస్‌కి, దుబాయి వీసాకి అమ్ముకున్నారు. మాకు ఆ అవసరం రాలేదు, రెండు జీతాలు బయటినుంచి వచ్చాయి. ఉంచుకోగలిగాం అంటే ప్రేమ ఒక్కటే కాదు, అదీ కారణమే.

కిందటేడు నాటు చెట్లలో ముందుగా ఒకటి పూత పొత్తు విప్పింది. తర్వాత ఇంకొన్ని. తొలి గెల పిందెలు చాలావరకు రాలిపోతాయి, అది మామూలే. నిలిచిన కాయల్లో మొదటివి గ్రామదేవతకి, తర్వాతివి పెద్దత్తకి. దింపు అనడానికి ఇంకా సిగ్గే, నిచ్చెన వేసుకుని నాన్నే కోశాడు. పడమటివైపు చెట్ల నీడ మధ్యాహ్నం మూడు దాటాక అరుగు మీదికి వస్తోంది. పంచలోంచి సముద్రం ఇంకా రెండు చోట్ల కనిపిస్తోంది. మొవ్వ పోయి మోడైన పాత చెట్లున్న చోట్లు అవి, అక్కడ పెట్టిన మొక్కల్ని రెండుసార్లూ పురుగే తినేసింది.

ఈసారి ఆ రెండు ఖాళీల్లో పనస పెడదామని అమ్మ, కొబ్బరేనని నాన్న. స్లాబు కోసం అంత పోట్లాడిన అన్నయ్య ఇప్పుడు తన వాటాగా రెండు పొట్టి గంగాబొండాలు కావాలని మధ్యలో దూరాడు. జూన్‌లో తొలి వాన పడగానే గోతులు తీయించాలి, సెలవు పెట్టుకుని రమ్మని నాకు ఇప్పటినుంచే ఫోన్లు.